వాడినవి

జనవరి ఇక్కడ ఎండాకాలమంటారు, నమ్మకండి.
పోర్తో మోంత్‌లో వాన కురవదు, కాపురముంటుంది.
ఆ రేకుల షెడ్డులో, మూడో నంబరు బల్ల దగ్గర
ఇరవై ఆరేళ్ళుగా పరాయివాళ్ళ పెట్టెలు విప్పుతున్నాను.

తార్తు నుంచి వచ్చింది ఆ పెట్టె,
ఆమె కంటే పదకొండు రోజులు ముందు.
పేరు వైకె సోసార్. జాబితా గుండ్రటి చేతిరాతలో:
సైకిలు ఒకటి, వాడినది.
గుడారం ఒకటి, వాడినది.
గిన్నె, స్టవ్వు, వానకోటు, అన్నీ వాడినవే.
బూట్లు ఒక జత. వాడినవి.
ఆ మాట కింద మాత్రం రెండు గీతలు.

గీత ఉన్నచోటే వేలు పెట్టమని
మా పాత అధికారి ఎర్మొహెనెస్ చెప్పేవాడు.

అందరూ చేసేదే.
కెమెరా మీద గీతలు పెడతారు,
కొత్త కోటు జేబులో పాత బస్సు టికెట్టు దోపుతారు.
సుంకం ఎగ్గొట్టడానికి మనిషి
తన వస్తువుకి లేని గతాన్ని కుట్టిపెడతాడు.

సైకిలు నిజం చెప్పింది.
గుడారం మడతలో ఎక్కడిదో చీమ, ఎండిపోయి.
బూట్లు మాత్రం ఇంకా అబద్ధం నేర్చుకుంటున్నాయి.
గరుకు కాగితంతో రుద్దింది తోలంతా,
ఎంత శ్రద్ధగా అంటే, కుడీ ఎడమా ఒకేలా.
మట్టిలో కాఫీపొడి కలిపినట్టుంది, వాసనొచ్చింది.

ఏ మనిషీ రెండు కాళ్ళతో సమానంగా నడవడు, సెన్యోరా.
మా నాన్నకి కుడి మడమ లోపలికి అరిగేది,
చిలోయే దీవిలో పడవలు లాగి లాగి.
నాది ఎడమది, బయటికి.
లోపల చెయ్యి పెట్టాను.
ఐదు వేళ్ళ గుంటలు ఉండాలి.
కొత్త పలకలా ఉంది.

"ఎన్నాళ్ళు వాడారు?"
"రెండేళ్ళు."
"ఎక్కడ?"
ఆమె వానకేసి చూసింది.
"మెత్తగా నడుస్తాను నేను."
వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకూ వచ్చింది, మింగాను.
అరవై దాటిన మనిషి, చెవుల దాకా ఎర్రబడింది.

మిగతావి తొంభై రోజుల అనుమతి మీద రాశాను:
వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోవాలి, ఒక్క మర తగ్గకూడదు.
బూట్లకు విడిగా కాగితం.
సుంకం, సుంకం మీద పన్ను, ముద్ర.
నాణేలు లెక్కపెట్టి ఇస్తూ అంది,
"కొత్తగా ఉన్నందుకు ఇంత జరిమానా అనుకోలేదు."
జరిమానా కాదన్నాను. వినలేదు.

ఏప్రిల్ మొదట్లో మళ్ళీ వచ్చింది,
సైకిలు తోసుకుంటూ బల్ల దాకా.
దవడ ఎముకలు తేలి, ముక్కు మీద చర్మం పొరలు లేచి.
సుంకరి దగ్గర సుఖదుఃఖాలా, అంటారు.
చెప్పుకోలేదు ఆమె.
బూట్లు విప్పి నా ముందు పెట్టింది, అంతే.
"ఇప్పుడు పాతవే కదా. నా డబ్బు ఇచ్చెయ్యండి."

చూశాను. అది నా పని.
కుడిది బొటనవేలి దగ్గర నోరు తెరిచింది,
టైరు ముక్కేసి కుట్టారెవరో.
కొయ్‌హైకే దగ్గర, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళట.
ఎడమ మడమ బయటికి అరిగింది, నాదానిలాగే.
లోపల ఐదు గుంటలు.
చిటికెన వేలిది కాస్త పక్కకి.

నిబంధనల పుస్తకం తీశాను.
నటన కాదు, నిజంగానే పేజీలు తిప్పాను.
తర్వాత పాతబడినవాటికి గడి లేదు.
చెప్పాను. ముందే తెలిసినట్టు తలూపింది.

"పన్ను కట్టాను కాబట్టి, ఇవి ఇక్కడ ఉండొచ్చా?"
ఉండొచ్చు.
"ఎన్నాళ్ళు?"
ఎన్నాళ్ళైనా.

సైకిలు పోయింది, గుడారం పోయింది, గిన్నె పోయింది.
ఆమెకీ పాస్‌పోర్టులో నాలుగు రోజులే మిగిలాయి.
రబ్బరు చెప్పుల్లో, మేజోళ్ళు తడుస్తుండగా
ఓడరేవు రోడ్డమ్మట వెళ్ళిపోయింది.
మెత్తగా ఏం కాదు,
మలుపు దాకా టపటపా వినిపించింది.

నా కాళ్ళకి పట్టవవి.
కిటికీ కింద పెట్టాను, పైకప్పు కారే చోట.
కుడిదాంట్లో నీళ్ళు నిలవవు.
ఎడమది తెల్లారేసరికి నిండుతుంది.
పారబోసి,
మళ్ళీ అక్కడే పెడతాను.